భూదృశ్యచిత్రములందు స్వభావోక్తి

స్వభావోక్తి యలంకారమా, యలంకార్యమా యను వివాదము మన సాహిత్యశాస్త్రమునఁ బురాతనమైనది. దండి కావ్యాదర్శమున నర్థాలంకారములలో దానికే మొదటి స్థాన మొసఁగి, జాతి యను నామాంతరమును గూడఁ జెప్పెను. భామహుఁడు దానిని గొందఱు చెప్పు నలంకారముగాఁ బేర్కొని, వట్టి వస్తుకథనమును వార్త యని త్రోసివైచెను. కుంతకుఁడు వక్రోక్తిజీవితమున మఱింత గట్టిగా నాక్షేపించెను: వస్తుస్వభావమే కావ్యమునకు శరీరము, శరీరమే యాభరణ మైనచో నా యాభరణమును ధరించున దేది? దీనికి మహిమభట్టు వ్యక్తివివేకమున సమాధానము చెప్పెను. వస్తువునకు సామాన్యరూప మొకటియు, విశేషరూప మొకటియుఁ గలవు. సామాన్యము లోకవ్యవహారమునకుఁ జాలును. విశేషము ప్రత్యక్షమునకు గోచరించునది. దానిని బ్రతిభచే గ్రహించి పలికినపుడే స్వభావోక్తి యగు నని యాతని మతము.

ఈ వివాదము శబ్దమయమైన కావ్యమునకే చెల్లునది కాదు. రంగులతో వస్తువును జూపు చిత్రమునకును జెల్లును. అచ్చట నిది మఱింత స్పష్టముగాఁ గనఁబడును. క్రీ. శ. 1770 ప్రాంతము మొదలు 1860 వఱకు నింగ్లండున నొక యాచారము ప్రబలెను. వేసవి రాఁగానే చదువుకొన్న గృహస్థులు పల్లెపట్టులకును, నదీతీరములకును, సముద్రతీరములకును విహారార్థము వెడలి, కనఁబడిన దృశ్యములను గాగితముపై వ్రాసికొనుచుండిరి. చిత్రలేఖనము వృత్తిగాఁ గలవారును వారితోపాటు తిరిగిరి. ఒకే తీరమును వందలమంది చూచిరి. చూచినవా రందఱును నిజముగా దానినే చూచిరా యనునది ప్రశ్న. జాన్ కాన్‌స్టేబుల్ (1776-1837) తన చిత్రములతో నీ ప్రశ్నకు నిచ్చిన యుత్తరము మహిమభట్టు పక్షమునకుఁ జక్కని యుదాహరణము. ఆ యుత్తరమునం దొక లోపమును గలదు. ఆ గుణదోషములను రెంటిని విచారించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

వ్యాకరణమునఁ బరిచితమైన పరిభాషతోనే యీ విచారము సాగింపవచ్చును. పదమున కర్థము జాతి యని వాజప్యాయనుఁడును, వ్యక్తి యని వ్యాడియుఁ జెప్పిరి. పతంజలి పస్పశాహ్నికమున నీ ప్రశ్న నెత్తి, పాణిని రెండు పక్షములను గ్రహించె ననియు, జాత్యాఖ్యాసూత్రము మొదటిదానికిని, ఏకశేషసూత్రము రెండవదానికిని నిదర్శనము లనియుఁ దెలిపెను. 'వృక్షము' అని పలుకువానికి జాతి చాలును. ఎదుట నున్న యొక్క వృక్షమును జూపవలసినవానికి జాతి చాలదు. దాని కొమ్మ యెచ్చట వంగినది, యాకుపై వెలుఁగు ఏ వైపునుండి పడినది, గాలి యెట్లు వీచుచున్నది యని నిర్ణయింపక తప్పదు. ఐనను జాతినే మనస్సున నుంచుకొని, కొమ్మను వెలుఁగును బరంపరాగతమైన మచ్చునుండి తెచ్చి యతికించుటయు సాధ్యమే. పదునెనిమిదవ శతాబ్దపు టింగ్లండునఁ దఱచుగా జరిగిన దిదియే.

విలియం గిల్పిన్ అను క్రైస్తవ మతాచార్యుఁడు 1770లో వై నదిపైఁ బడవలో విహరించి, యా యనుభవమును 1782లో గ్రంథముగాఁ బ్రకటించెను. చిత్రమున కనువైన సౌందర్యమును 'పిక్చరెస్క్' అను పేర నాతఁడు ప్రచారముచేసెను. దృశ్యము కొంత మోటుగను, నెగుడుదిగుడుగను, శిథిలములతోఁ గూడియు నుండవలె నని యాతని నియమము. ఆ నదీతీరమున టింటర్న్ అను పాడువడిన మఠము గలదు. దాని గోడకొనలు మఱీ తిన్నగా నున్న వనియు, నేర్పుతో సుత్తె నుపయోగించి కొన్నింటిని బగులఁగొట్టినచో బాగుండు ననియు గిల్పిన్ వ్రాసెను. లక్షణమున కనుగుణముగా లక్ష్యమునే విఱుగఁగొట్టఁదలఁచిన యీ మాట యాతఁడు పరిహాసముగాఁ జెప్పినను, నాఁటి చూపు స్వభావమును దెలుపుటకుఁ జాలును.

ఆ విహారులు చేతఁబట్టుకొని తిరిగిన పరికరము మఱియు విచిత్రము. పదునేడవ శతాబ్దమున రోమునఁ బనిచేసిన క్లాడ్ లొరేన్ అను చిత్రకారుని పేరఁ బరఁగిన చిన్న యద్ద మది. అది కొంచె ముబ్బెత్తుగా నుండి, నల్లని ఛాయ గలిగి, దృశ్యమును జిన్నదిగాఁ జేసి, రంగుల తీవ్రత నణఁచి, క్లాడ్ చిత్రమువలె మెత్తగాఁ జూపును. అద్దమునఁ బ్రతిబింబము గానవచ్చుటకై దానిని వాడువాఁడు దృశ్యమునకు వీఁపు త్రిప్పి నిలువవలెను. కవియైన తామస్ గ్రే 1769లో సరోవరమండలమున విహరించుచు నీ యద్దము చేతఁ గొని యుండఁగా బురదబాటపై వెల్లకిలఁ బడెను. వ్రేళ్ల కణుపులకుఁ దగిలిన దెబ్బ తప్ప వేఱు హాని గలుగలేదు. అతఁడు లేచి, యచ్చటనే నిలిచి, సూర్యాస్తమయమును జూచి మఱీ వెడలెను. పర్వతములను జూడ వచ్చినవాఁడు పర్వతములకు వీఁపు త్రిప్పుటయే యా కాలపు రసికతకు గుఱుతు.

రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో నిరూపించిన కవిసమయమునకు నిది సరియైన తోడు. శాస్త్రమునఁ గాని లోకమునఁ గాని లేకున్నను బరంపరగా వచ్చిన యర్థమును గవులు నిబంధించుట కవిసమయము. నదు లన్నింటఁ బద్మములును, జలాశయము లన్నింట హంసలును నుండు ననుట యిట్టిదే. ఆంగ్ల చిత్రకారులకు నిట్టి సమయములు గలవు. ముందుభాగము గోధుమవన్నెగా నుండవలెను. ఒక ప్రక్కన నొక గోధుమవన్నె చెట్టు నిలువవలెను. దూరము నీలమై కరఁగిపోవలెను. సర్ జార్జి బోమంట్ అను ప్రభువు చిత్రకళాపోషకుఁడు, తానును జిత్రకారుఁడు, కాన్‌స్టేబులునకు హితుఁడు. ఆయన యీ సంప్రదాయమునఁ బెరిగినవాఁడు. పాత ఫిడేలు చెక్కవన్నె చిత్రమంతటికిఁ బ్రధానవర్ణముగా నుండఁదగు నని యాయన యొకనాఁడు చెప్పఁగా, కాన్‌స్టేబుల్ బదులు పలుకక, యొక పాత ఫిడేలును దెచ్చి యింటి ముందటి పచ్చగడ్డిపై నుంచెను. ఈ వృత్తాంతమును గాన్‌స్టేబుల్ మిత్రుఁడైన లెస్లీ 1843లోఁ బ్రకటించిన జీవితచరిత్రమునం దెక్కించెను. అనుమానప్రమాణముతో వాదించువానికిఁ బ్రత్యక్షమును జూపుట యిదియే. కవిసమయము స్వతః దోషము గాదు. అది కవులలోఁ గవులు చేసికొన్న సంకేతము. సంకేతమును బ్రత్యక్ష మని భ్రమించుట మాత్రము దోషము.

కాన్‌స్టేబుల్ సఫోక్ మండలమున, స్టౌర్ నదికి సమీపమున నున్న ఈస్ట్ బెర్గోల్ట్ గ్రామమున జన్మించెను. తండ్రి ఫ్లాట్‌ఫర్డు, డెడ్‌హాము గ్రామములందు నీటిమరలు గల ధాన్యవ్యాపారి. పుత్రుఁడును గొంతకాల మా వృత్తిలోఁ బనిచేసెను. గాలిమర నడుపువాఁడు గాలి యెటు మళ్లునో, మేఘ మెపుడు కురియునో యెఱుఁగక బ్రదుకలేఁడు. ఈ యెఱుక చిత్రకళ కంటె ముందుగా నాతనికి లభించెను. 1799లో లండనులోని రాయల్ అకాడెమీ పాఠశాలఁ జేరి, పూర్వుల చిత్రములను బ్రతులు వ్రాసి నేర్చుకొనెను. 1802లో స్వగ్రామమందలి మిత్రునకు వ్రాసిన లేఖలో, తాను రెండేండ్లుగాఁ జిత్రముల వెంటఁ బరుగెత్తి పరుల చేతినుండి సత్యమును గ్రహింపఁ జూచితి ననియు, నిఁక బెర్గోల్టునకు మరలివచ్చి ప్రకృతినే యాశ్రయింతు ననియుఁ దెలిపెను. ఆ తరువాత నాతని కళకుఁ బ్రధానాశ్రయ మైనది తాను బాల్యమునఁ దిరిగిన కొలఁది మైళ్ల నదీతీరమే.

ఈ నిశ్చయము ఫలించిన విధమును మేఘచిత్రములందుఁ జూడవచ్చును. 1821, 1822 సంవత్సరములలో లండను సమీపమునందలి హాంప్‌స్టెడ్ మిట్టపై నుండి యాతఁడు పదులకొలఁది యాకాశచిత్రములను దైలవర్ణములతో వ్రాసెను. కొన్నింటఁ జెట్టు గాని నేల గాని లేదు. మేఘములు మాత్రమే కలవు. పెక్కింటి వెనుక నాఁటి తేదియు, గంటయు, గాలి వీచిన దిక్కును వ్రాసియుంచెను. మేఘములను జాతులుగా విభజించి వానికి లాటిన్ పేరు లొసఁగిన ల్యూక్ హవర్డు సిద్ధాంత మప్పటి కిరువది యేండ్లక్రితము వెలువడి యుండెను. ఆ సిద్ధాంతమును వివరించు ఫార్‌స్టర్ గ్రంథము కాన్‌స్టేబుల్ యొద్ద నుండెను; దాని యంచులందు నాతఁడు వ్రాసిన టిప్పణములును గలవు. అనఁగా జాతిజ్ఞానము నాతఁడు నిరాకరింపలేదు. జాతి నెఱిఁగి, యా జాతికిఁ జెందిన యొక్క మేఘ మా దినమున నా గంట నెట్లుండెనో చూచెను.

స్వభావోక్తికి జాతి యను పేరు కలదు గదా, వ్యక్తిని జూపుట స్వభావోక్తి యెట్లగు నని యిచ్చట శంక పుట్టవచ్చును. దండి యీ యలంకారమును జాతి, క్రియా, గుణ, ద్రవ్య భేదములచే నాలుగువిధములుగాఁ జెప్పినాఁడు. కావున వ్యక్తియగు ద్రవ్యమును దాని పరిధిలోనిదే. అంతియ గాక, పదార్థముల నానావస్థలందలి రూపమును సాక్షాత్కరింపఁజేయుట దండి చెప్పిన లక్షణము. 'నానావస్థ' అను పద మిచ్చటఁ గీలకము. జాతికి నవస్థలు లేవు, వ్యక్తికే కలవు. మేఘత్వము మధ్యాహ్నమున నొకటియు, సాయంకాలమున నొకటియుఁ గాదు. మేఘము మాత్రము గంటగంటకు వేఱు. తేది, గంట, గాలి వ్రాసికొన్న కాన్‌స్టేబుల్ దండి లక్షణమునందలి యీ పదమును దెలియకయే పాటించినవాఁ డయ్యెను.

ఇఁకఁ బ్రధానమైన పూర్వపక్షము. చూచినదానిని జూచినట్లు వ్రాయుటయే గొప్ప యైనచో, నది భామహుఁడు నిరసించిన వార్తయే కాదా? కాన్‌స్టేబుల్ మరణించిన రెండేండ్లకు, 1839లో, ఛాయాగ్రహణ విధానము లోకమునకుఁ బ్రకటింపఁబడెను. ఆ యంత్రము వ్యక్తిని దప్ప వేఱొకదానిని జూపలేదు. అట్లయిన యంత్రమును మహాకవి యనవలసివచ్చునే యని యాక్షేపము.

దీనికి సమాధానము 'హే వెయిన్' అను పేర నేఁడు ప్రసిద్ధమైన 1821 నాఁటి చిత్రమున దొరకును. ఇది యాఱడుగుల పొడవుగల పటము. ఎడమప్రక్కన విల్లీ లాట్ అను వ్యవసాయదారుని యిల్లు. నడుమ లోఁతులేని నీటిలో నిలిచిన యెడ్డు లేని గుఱ్ఱపుబండి. గట్టుపై నొక కుక్క. కుడివైపున దూరమునఁ బచ్చికబయలు. పైన వాన వచ్చునో రాదో యనునట్లు కదలు మేఘములు. కాన్‌స్టేబుల్ దీనిని రాయల్ అకాడెమీలోఁ బ్రదర్శించినపుడు 'భూదృశ్యము: మధ్యాహ్నము' అని పేరు పెట్టెను, బండి పేరు దానికిఁ దరువాత వచ్చినది. స్థలముకంటెను గాలమే ప్రధాన మని యా తొలి పేరు తెలుపుచున్నది. ఈ చిత్ర మా నదియొడ్డున వ్రాసినది గాదు. పూర్వపు టేండ్లలో స్థలమునఁ జేసిన చిన్నచిన్న ప్రతులను ముందుంచుకొని లండను గృహమున వ్రాసినది. దీనికి ముందు సమానప్రమాణము గల ముసాయిదాచిత్ర మొకటి వ్రాసెను. అది నేఁడు విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలోఁ గలదు. అందు నదియొడ్డున నొక గుఱ్ఱమును రౌతును గలరు. అసలు చిత్రమున వారిని దొలఁగించి, యచ్చట నొక పీపాను వ్రాసి, యదియుఁ దగదని రంగుతోఁ గప్పివేసెను.

ఉన్నదానిని దొలఁగించుట, తగినదానిని నిలుపుట, యనేకదినములందుఁ జూచినదానిని నొకే మధ్యాహ్నమునకుఁ గూర్చుట - ఇవి యన్నియు యంత్రమునకు రాని వ్యాపారములు. ఇట్లు కూర్చినను బుట్టినది సామాన్యమైన మధ్యాహ్నము గాదు. ఆ నీటియొడ్డునకే చెందిన యొకానొక మధ్యాహ్నము. మహిమభట్టు ప్రతిభ యనుటకు హేతు వీ భేదమే. విశేషమును గన్ను చూచును. చూచిన విశేషములలో వస్తువునకుఁ బ్రాణభూతమైనదానిని బ్రతిభ యెఱిఁగి నిలుపును. వార్తయందు విశేషము లున్నను వాని కన్యోన్యసంబంధము లేదు. ఈ చిత్రమున గుఱ్ఱముల జీనుపైఁ గనఁబడు చిన్న యెఱ్ఱని వన్నెను దీసివేసినచోఁ జుట్టు నున్న పచ్చదనమంతయు వెలవెలఁబోవును. ఇంగ్లండున నాఁ డది యమ్ముడుపోలేదు. 1824లోఁ బారిసు ప్రదర్శనమునకుఁ బోయి, పదవ చార్లెసు రాజుచే స్వర్ణపతకమును బొందెను. 1886లో నొక దాత యొసఁగఁగా లండను నేషనల్ గేలరీకిఁ జేరెను.

స్వగ్రామము కాఁబట్టి యాతఁడు విశేషమును జూడఁగలిగె నని కొంద ఱనవచ్చును. వేసవివిహారమునకు వచ్చి నాలుగు దినము లుండి పోవువానికి జాతియే గాని వ్యక్తి కనఁబడ దని దీని సారము. బ్రైటన్ చిత్రము లీ మాటకుఁ బ్రతిబంధకములు. రిచర్డు రసెల్ అను వైద్యుఁడు సముద్రజల మౌషధ మని 1750లో లాటిన్ భాషలో గ్రంథము వ్రాసిన పిమ్మట, బ్రైటన్ అను నా బెస్తపల్లెకు రోగులును, వారి వెంట విలాసులును రాసాగిరి. యువరాజుగా నచ్చటఁ గాపురము పెట్టి తరువాత నాల్గవ జార్జిగా రాజ్యమేలిన ప్రభువునకై 1815 - 1822 నడుమ జాన్ నాష్ అచ్చటి రాజసౌధమును గుంబజులతోఁ గ్రొత్తగా నిర్మించెను. 1823లో సముద్రములోనికి గొలుసులతో వ్రేలాడు వంతెన యొకటి వెలసెను. కాన్‌స్టేబుల్ 1824లో నచ్చటికి వచ్చినది విహారమునకుఁ గాదు. క్షయరోగమునఁ గృశించుచున్న భార్య మరియాకు సముద్రపుగాలి మేలు చేయు నను నాశచేత వచ్చెను. ఆ యూరి సందడి యాతనికి రోఁత పుట్టించె నని మిత్రుఁడైన జాన్ ఫిషర్‌నకు వ్రాసిన లేఖవలనఁ దెలియుచున్నది.

ఐనను నా తీరముననే యాతఁడు రంగులపెట్టె మూఁతను మోకాళ్లపై నుంచుకొని చిన్నచిన్న కాగితములపైఁ దైలవర్ణచిత్రములు వ్రాసెను. అట్టివానిలో సముద్రముపైఁ గురియు వానను జూపునది యొకటి, రాయల్ అకాడెమీ సంగ్రహమునఁ గలదు. నల్లని మేఘమునుండి దిగు వానధారలు నిట్టనిలువైన కుంచెదెబ్బలుగా సముద్రముపైఁ బడుచుండును. నీరు, వాన, వెలుఁగు తప్ప వేఱు వస్తువు లేదనవచ్చును. ఇది యే సముద్రతీరముననైనఁ గురియు వాన గాదు. కొన్ని నిమిషములు మాత్రమే యుండి పోయిన వాన. కాఁబట్టి విశేషదర్శనమునకు జన్మభూమి సహకారి యగును గాని కారణము గాదు. కారణము చూపునందలి శ్రద్ధయే. 1827లోఁ బ్రదర్శించిన 'చెయిన్ పియర్, బ్రైటన్' అను పెద్దచిత్రమున నా వంతెనయు, వసతిగృహములును, వానికి ముందు బెస్తల పడవలును, వలలును, పైన విశాలమైన మబ్బుటాకాశమును గలవు. పాతపల్లెయుఁ గ్రొత్తవిలాసమును నొకే యాకాశముక్రింద నిలిచినవి. 1896లో నొక తుఫాను నా వంతెనను గొట్టుకొనిపోయెను. చిత్రమున నది నిలిచియున్నది.

వట్టి ప్రకృతివర్ణన మే రసమును బుట్టించు నను ప్రశ్న మిగిలియున్నది. లక్షణకారులు చంద్రోదయాదులను, ఋతువులను నుద్దీపనవిభావములుగాఁ జెప్పిరి. ఆలంబనము నాయికానాయకులే. నాయకుఁడు లేని చిత్రమున నుద్దీపన మెవ్వరి భావము నుద్దీపింపఁజేయును? 1814లో వివాహమునకు ముందు కాన్‌స్టేబుల్ థేమ్స్ నది సముద్రమునఁ గలియు తావున నున్న హాడ్లీ కోట శిథిలములను జూచి, చిన్నపుస్తకమున సీసపుకలముతో గీసికొనెను. అది విహారమునఁ జేసిన గుఱుతు మాత్రమే. 1828 నవంబరులో మరియా మరణించెను. 1829లో నాతఁడు పదునైదేండ్లనాఁటి యా గీఁతను మరలఁ దీసి, హాడ్లీ కోటను బెద్దచిత్రముగా వ్రాసెను. బీటలువాఱిన గోపురము, దాని క్రింద నొంటరి గొల్లవాఁడు, ఆవల తుఫాను వెలిసిన వేకువవెలుఁగులో మెఱయు సముద్రము. శోకమునకు నాలంబనమైన వ్యక్తి చిత్రమున నెచ్చటను లేదు. ఉన్నది యుద్దీపన మొక్కటియే. చూచువారికి మరియా మరణము తెలియకున్నను, నా చీలిన గోడలపైఁ బడు వెలుఁగు శూన్యతను దెలుపును. ఆకాశమే భావమునకుఁ బ్రధానాంగ మని 1821లో ఫిషర్‌నకు వ్రాసినది కాన్‌స్టేబులే. కావున నుద్దీపన మాలంబనమును విడిచి నిలువలే దను నియమ మిచ్చట సడలుచున్నది. నిలువఁగలిగినది విశేషబలముచేతనే, మచ్చునుండి తెచ్చిన శిథిల మీ పనిని జేయఁజాలదు.

కాన్‌స్టేబుల్ తరువాత విహారమును జిత్రమును రెండును మాఱినవి. 1841లో లండనునుండి బ్రైటనునకు రైలుమార్గము పూర్తియయ్యెను. ఆ యేఁటనే రాండ్ అను నమెరికా చిత్రకారుఁడు తైలవర్ణములను నింపుటకుఁ దగరపు గొట్టములను గనిపెట్టెను. అంతకుఁ బూర్వము రంగును బందితిత్తులలోఁ గట్టి తీసికొనిపోవుచుండిరి. చేరుటయు సులభ మయ్యెను, వ్రాయుటయు సులభ మయ్యెను. ఐనను జూపు సులభము గాలేదు. ఫ్రిత్ అను చిత్రకారుఁడు 1854లోఁ బ్రదర్శించిన రామ్స్‌గేట్ తీరచిత్రమును విక్టోరియారాణి కొనెను. అందుఁ జిత్రకారుఁడు సముద్రమువైపున నిలిచి యొడ్డును జూచుచున్నాఁడు. ఇసుకపై విహారులు పత్రికలు చదువుచు, గొడుగులక్రింద ముచ్చటించుచు నుందురు. సముద్రము వారి పాదములయొద్ద నొక యంచుగా మాత్రమే కనఁబడును. క్లాడ్ అద్దముతోఁ బర్వతమునకు వీఁపు త్రిప్పినవారికి వీరు వారసులే. ఐతే ఫ్రిత్ వారినే వస్తువుగా గ్రహించి యొక్కొక్కని వేషమును జేష్టను వేఱువేఱుగాఁ జూపుటచే నది సమర్థమైన జనస్వభావోక్తి యైనది.

విలియం డైస్ 1860లోఁ బ్రదర్శించిన పెగ్వెల్ బే చిత్రము దీనికి భిన్నమైనది. దాని పేరులోనే 1858 అక్టోబరు 5వ తేది చేరియున్నది. వేసవి గడచిన యా సాయంకాలమునఁ జిత్రకారుని కుటుంబపుస్త్రీలును గుమారుఁడును గవ్వల నేఱుచున్నారు. వెనుక సుద్దకొండలపొర లొక్కొక్కటియు లెక్కింపఁదగునంత స్పష్టముగాఁ గలవు. ఆకాశమున నా సంవత్సరము కనఁబడిన దొనాతి తోఁకచుక్క సన్నని గీఁతగా నున్నది. గవ్వల నేఱువారు దానిని జూడరు. ఇంత సూక్ష్మముగా విశేషములను వ్రాసినపుడు వార్తగా మాఱు నపాయము గలదు. కవ్వ, కొండ, చుక్క యను మూఁడు కాలప్రమాణముల సంబంధము నిలిచియుండుటచే నీ చిత్ర మా యపాయమును దాఁటినది.

కాన్‌స్టేబుల్ నందలి లోప మిఁకఁ జెప్పవలసియున్నది. హే వెయిన్ చిత్రమునఁ గుడివైపు పచ్చికబయలున గడ్డి కోయువారు గలరు. వారు దూరమునఁ దెల్లనిచుక్కలుగాఁ గనఁబడుదురు. ఏ యొక్కనికిని ముఖము లేదు. ఆ చిత్రము ప్రదర్శింపఁబడిన మఱుసటి యేఁడు, 1822లో, ఆ తూర్పుమండలములందే పనిలేని కూలివారు ధాన్యము నూర్చు యంత్రములను బగులఁగొట్టిరి. 1816లోను నట్టి యలజడులు జరిగినవి. చిత్రమున దీని జాడ యిసుమంతయు లేదు. జాన్ బారెల్ 1980లోఁ బ్రకటించిన గ్రంథమున, నాఁటి భూదృశ్యచిత్రములు పల్లెబీదలను దూరమున నుంచి పొలమును శాంతముగాఁ జూపుట నీ దృష్టితోఁ బరిశీలించెను. జాతివ్యక్తిపరిభాషలో దీనినే యిట్లు చెప్పవచ్చును: కాన్‌స్టేబుల్ ఎల్ముచెట్టును వ్యక్తిగాఁ జూచెను, మేఘమును వ్యక్తిగాఁ జూచెను, కూలివానిని మాత్రము జాతిగానే విడిచెను. బోమంట్ ప్రభువునకు గోధుమవన్నె చెట్టెట్లో, మరల యజమాని పుత్రునకుఁ బొలమునఁ గూలివాఁ డట్లు. ఒక కవిసమయమును గెలిచినవాఁడు వేఱొకదానికి లోఁబడెను. చిత్రము గొప్పతన మిందువలనఁ బోదు. గుణము నెన్నినవారు దోషమును మఱుఁగుపఱుపఁగూడదు.

తెలుఁగున నిట్టి చూపునకు నిదర్శనము కావలెనన్నఁ గృష్ణదేవరాయల యాముక్తమాల్యద చాలును. విలుబుత్తూరి వర్ణనమునఁ గాలువచేరువ తలను ఱెక్కలలోఁ జొనిపి నిద్రించు బాతులను, స్నానము చేసిన బ్రాహ్మణులు మఱచిపోయిన పిండినబట్ట లని తలవరులు భ్రమించిరి. తీసి యిత్తమని నీటఁ దిగఁగా బాతులు పరుగెత్తెను. వరిచేని కావలిస్త్రీలు నవ్విరి. ఇచ్చట బాతు వ్యక్తి, తలవరి వ్యక్తి, నవ్విన స్త్రీయు వ్యక్తియే. కాన్‌స్టేబుల్ దూరమున నుంచిన పొలముపనివారు రాయల పద్యమున ముందునకు వచ్చిరి.

పాఠశాలలందు స్వభావోక్తిని బోధించునపుడు లక్షణమును, బ్రాచీనోదాహరణమును జెప్పి ముగించుట వాడుక. విద్యార్థి ఋతువర్ణన మొకటి వ్రాసి తెచ్చిన, నందు హంసలును బద్మములును యథాస్థానమున నుండిన చాలు నని మెచ్చుకొనుటయు వాడుకయే. సమయము నెఱుఁగుట విద్యార్థి కవశ్యకము. పూర్వచిత్రములను బ్రతులు వ్రాయకుండఁ గాన్‌స్టేబులును జిత్రకారుఁడు గాలేదు. ఆ పిమ్మట నడుగవలసిన ప్రశ్నలు మూఁడు గలవు: ఇది యే చెఱువు, ఏ దినము, ఆ గట్టుపై నున్నవా రెవ్వరు? మొదటి రెంటికి మేఘచిత్రముల వెనుకనున్న తేదులు సమాధానము నేర్పును. మూఁడవదానికి సమాధానము హే వెయిన్ చిత్రమున లేదు. దాని నచ్చట వెదకి లేదని కనుఁగొనుటయు విద్యార్థి కొక పాఠమే.